మే నాట్ అంటే కాకపోవచ్చా, కాకూడదా

మూడేళ్ళ క్రితం మిర్చి సీజన్ మంచి ఊపులో ఉన్నప్పుడు, ఒక మెయిల్‌లో రెండే రెండు మాటలు తప్పుగా అర్థం చేసుకున్నందుకు కంటైనర్‌లోకి ఎక్కించిన టిక్కీలన్నీ, అంటే మిర్చి బస్తాలన్నీ, మళ్ళీ కిందకి దింపించాల్సి వచ్చింది. నేను గుంటూరులో ఒక మిర్చి ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో డాక్యుమెంట్స్ చూస్తాను, ఇన్‌వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు, ఫైటో సర్టిఫికెట్ అప్లికేషన్లు, బయ్యర్లతో మెయిల్స్, ఇదీ నా పని. ఆ రోజు వచ్చిన మెయిల్‌లో వాక్యం ఇది: ద కార్గో మే నాట్ బి స్టఫ్డ్ బిఫోర్ ఇన్‌స్పెక్షన్. స్టఫింగ్ అంటే సరుకుని కంటైనర్‌లోకి ఎక్కించడం. మే అంటే "వచ్చు" అని కదా చదువుకున్నాం, కాబట్టి ఇన్‌స్పెక్షన్ టైముకి స్టఫింగ్ అవ్వకపోవచ్చు అని వాళ్ళు అనుమానపడుతున్నారనుకున్నా. మనవాళ్ళు స్పీడు కదా ఎందుకవ్వదులే అని గోడౌన్‌కి ఫోన్ చేసి, బండి వచ్చేసింది కదా ఎక్కించెయ్యండి అని చెప్పేసా.

వాళ్ళు రాసింది, ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా స్టఫింగ్ చెయ్యకూడదు అని.

పొద్దున్నుంచి ఎక్కించిన సరుకుని ముఠా కూలీలు సాయంత్రం ఆ ఘాటులో దగ్గుకుంటూ తువ్వాళ్ళు ముక్కుకి కట్టుకుని దింపారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. రెండ్రోజులు పోయాయి, కూలి రెండుసార్లు ఇచ్చాం. ఆ రాత్రి ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు, ఒకటే ఆలోచన: అవ్వకపోవచ్చు, అవ్వకూడదు, ఈ రెండిటినీ తెలుగులో అయిదేళ్ళ పిల్ల కూడా కలిపెయ్యదు కదా, ఇంగ్లీషు వాళ్ళేమో రెండిటికీ మే నాట్ అనే ఎలా రాస్తారు, రాస్తే చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

తెలిసేది ఎక్కడ రాశారు అన్నదాన్ని బట్టి. రూల్సు, నోటీసులు, ఆఫీసు లెటర్లలో మే నాట్ కనపడితే చాలాసార్లు "కూడదు" అనే. షి మే నాట్ కమ్ టుడే అని ఎవరైనా మామూలుగా మాట్లాడుతూ అంటే "ఇవాళ రాకపోవచ్చు". ఇంత చిన్న సంగతి నాకు స్కూల్లో గానీ డిగ్రీలో గానీ ఎవరూ చెప్పలేదు. చెప్పిందల్లా ఒక టేబుల్. కెన్ అంటే గలను, మే అంటే వచ్చు, షుడ్ అంటే వలెను, మస్ట్ అంటే తప్పక. ఆ టేబుల్ మార్కులు తెప్పించింది, నిజమే.

అప్పట్నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నా. అందులో మోడల్ వెర్బ్ పక్కన, అంటే ఈ కెన్, మే, మస్ట్ లాంటి మాటల పక్కన, అర్థం రాయను, మన ఇంట్లో మనం అనే వాక్యం ఒకటి రాస్తా. ఆ వాక్యం చివర తోక ఏముందో చూస్తా. ఎందుకంటే తెలుగులో ఈ వ్యవహారమంతా తోకలోనే ఉంటుంది, వెళ్ళాలి, వెళ్ళొచ్చు, వెళ్ళకూడదు, వెళ్ళక్కర్లేదు, వెళ్ళుండాల్సింది, వెళ్ళగలిగా. ఇంగ్లీషులో అదే సంగతి క్రియకి ముందు విడిగా నిలబడుతుంది. అంతవరకు తెలిస్తే భయం సగం పోతుంది, నాకైతే పోయింది.

మొన్న ఆదివారం మా పిన్ని కూతురు విజయవాడ నుంచి వచ్చింది, పటమటలో ఉంటారు వాళ్ళు. దానికి వచ్చే వారం ఇంటర్వ్యూ ఉంది, పదో తరగతి దాకా తెలుగు మీడియం, సబ్జెక్ట్ బాగా వచ్చు కానీ ఇంగ్లీషు అనేసరికి గొంతు తగ్గిపోతుంది. అన్నం తిన్నాక నా నోట్‌బుక్ తీసి ముందు పెట్టా. సాయంత్రం దాకా కూర్చున్నాం, ఆ కూర్చున్నదాంట్లోంచే ఇది రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుందని.

ముందు సెల్ఫ్ ఇంట్రడక్షన్ చెప్పమన్నా. ఐ విల్ వేకప్ ఎట్ ఫైవ్ డైలీ, ఐ విల్ హెల్ప్ మై మదర్, దెన్ ఐ విల్ గో టు కాలేజ్ బై బస్ అంది. ఈ విల్ మన తెలుగువాళ్ళ సంతకం లాంటిది, నేను ఎంతమంది దగ్గర విన్నానో లెక్కలేదు, నేనూ చాన్నాళ్ళు అలాగే మాట్లాడా. ఎందుకంటావు అని దాన్నే అడిగా, తెలీదక్కా అంది. రోజూ బస్సులో వెళ్తాను అను, రేపు బస్సులో వెళ్తాను అను, రెండిట్లో వెళ్తాను మారిందా? మారలేదు. తెలుగులో అలవాటుకీ రేపటి పనికీ ఒకటే రూపం. మనకి వెళ్తాను అనగానే ఐ విల్ గో అని నేర్పారు, సగమే నేర్పారు. రోజూ జరిగేదైతే ఐ గో, ఇంకా జరగాల్సిందైతే ఐ విల్ గో. ఇంగ్లీషు వాళ్ళు విన్నప్పుడు ఐ విల్ వేకప్ ఎట్ ఫైవ్ అంటే, ఇకనుంచి లేస్తానని మాటిస్తున్నట్టు ఉంటుంది, ఇప్పుడు లేస్తున్నావో లేదో తెలీదు. ఇంటర్వ్యూలో నీ గురించి నువ్వు చెప్పుకునే మొదటి నాలుగు వాక్యాలూ ఇవే కదా, కాబట్టి దీని మీదే అరగంట కూర్చోబెట్టా. మళ్ళీ మళ్ళీ విల్ వచ్చేస్తోంది, ఆగి సరిదిద్దుకుంటోంది, చివరికి ఒకసారి మొత్తం విల్ లేకుండా చెప్పింది, మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత కెన్ ఏబుల్ టు. ఐ కెన్ ఏబుల్ టు మేనేజ్ అని రాసుకుంది. కెన్ అన్నా గలను, ఏబుల్ టు అన్నా గలను, ఒకటి సరిపోతుంది, ఐ కెన్ మేనేజ్ గానీ ఐ యామ్ ఏబుల్ టు మేనేజ్ గానీ. ఇది చెప్పగానే అర్థమైపోయింది. మస్ట్ టు గో, షుడ్ టు గో కూడా అంతే, టు తీసెయ్యాలి. హి కెన్స్ అని ఎందుకు అనరక్కా, హి గోస్ అంటాం కదా అని అడిగింది, మంచి ప్రశ్న. కెన్, మే, షల్, మస్ట్ లాంటివి చాలా వందల ఏళ్ళ క్రితం భూతకాలం రూపాలుగా ఉండేవంట, తర్వాత వర్తమానంలోకి వచ్చేసాయి కానీ ఆ పాత ఒళ్ళు అలాగే ఉంది. హి వెంట్స్ అనం కదా, అలాగే హి కెన్స్ కూడా అనం. కుడ్‌లో పలకని ఎల్ సంగతి కూడా అప్పుడే చెప్పా: షుడ్‌లో ఎల్ షల్ నుంచి వచ్చింది, వుడ్‌లో ఎల్ విల్ నుంచి వచ్చింది, కెన్‌లో మాత్రం ఎల్ లేదు, పాత రోజుల్లో రాసేవాళ్ళు ఆ రెండిటిని చూసి దీనికీ ఒకటి తగిలించారు. ఇలాంటివి తెలిస్తే స్పెల్లింగ్ మర్చిపోరు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఇంగ్లీషులో అండి లేదు, గారు లేదు, నువ్వుకీ మీరుకీ తేడా లేదు. అందరూ యూ. మరి మర్యాద ఎక్కడ పెడతారు? ఇది తెలీక నేను ఇంకో దెబ్బ తిన్నా. ఒక పాత బయ్యర్ నుంచి బ్యాలెన్స్ రావాల్సి ఉంటే, మనసులో "శుక్రవారంలోపు బ్యాలెన్స్ పంపాలండి" అనుకుని, యూ మస్ట్ సెండ్ ద బ్యాలెన్స్ బై ఫ్రైడే అని మెయిల్ కొట్టా. పంపాలి అన్నది మస్ట్‌లోకి వెళ్ళింది, అండి మాత్రం దారిలో ఎక్కడో పడిపోయింది. ఆయన చాలా నొచ్చుకున్నాడు, ఇన్నేళ్ళలో ఎప్పుడైనా డబ్బులు ఆపామా అని రాశాడు, మా సార్ ఫోన్ చేసి సర్దిచెప్పారు. మస్ట్ అంటే వాళ్ళకి పై అధికారి అన్నట్టు. షుడ్ అంటే సలహా, చేస్తే బాగుంటుంది, చెయ్యడం సబబు అని. హావ్ టు అంటే పరిస్థితి వల్ల తప్పనిది, ఎవరి ఆర్డరూ కాదు, రూలు అలా ఉంది, టైము అలా ఉంది. తెలుగులో మూడిటికీ "ఆలి" ఒక్కటే, మిగతాది గొంతులోనూ అండిలోనూ చూపిస్తాం. మెయిల్‌కి గొంతు ఉండదు కదా.

ఇంగ్లీషు వాళ్ళ అండి కుడ్‌లో ఉంది, వుడ్‌లో ఉంది. కుడ్ యూ ప్లీజ్ సెండ్ ద బ్యాలెన్స్ బై ఫ్రైడే? ఇప్పుడు ఇది "కొంచెం పంపిస్తారా అండి" అయింది. ప్లీజ్ సెండ్ అంటే సరిపోదా అని అడుగుతారు, రోజువారీ పనులకి సరిపోతుంది, కానీ ప్లీజ్ పెట్టినా అది పంపు అనే ఆర్డరే. మన ఆఫీసు మెయిల్స్‌లో ప్లీజ్ డు ద నీడ్‌ఫుల్ అని రాసేస్తుంటారు, అక్కడ ఎవరు ఏం చెయ్యాలో కూడా ఉండదు, దాని బదులు ఫలానా పని కుడ్ యూ అని అడిగితే వాళ్ళకీ తేలిక.

కుడ్, వుడ్ అనేవి భూతకాలం కదా, ఇప్పుడు అడుగుతూ పాత కాలం ఎందుకు అంది మా చెల్లి. నేను దాన్ని ఒకటే అడిగా, నువ్వు మీ లెక్చరర్ దగ్గరకి వెళ్ళి ఏదైనా అడగాలంటే ఎలా మొదలుపెడతావు? "సార్, మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నానండి" అంది. అనుకున్నానండి! ఎప్పుడనుకున్నావు, నిన్నా? ఇప్పుడే కదా అడుగుతున్నావు. అడుగుతున్నా అంటే మీద పడినట్టు ఉంటుంది, అనుకున్నా అంటే ఒక అడుగు వెనక నిలబడినట్టు ఉంటుంది, కాదంటే వెళ్ళిపోతా అన్నట్టు. ఇంగ్లీషు వాళ్ళ కుడ్, వుడ్, మైట్ కూడా అదే అడుగు వెనక. ఇది నాకు తట్టిన రోజు ఎంత సంతోషమేసిందో, ఆఫీసులో మధ్యాహ్నం క్యారేజీ తింటూ పక్కన కూర్చున్న అక్కకి చెప్పా, ఆవిడ కూడా చెయ్యి ఆపి అవును కదా అంది.

వుడ్ యూ మైండ్ కూడా మన దగ్గర ఉంది. బస్సులో "ఏమనుకోకండి, కొంచెం జరుగుతారా" అంటామే, అదే. వుడ్ యూ మైండ్ మూవింగ్ ఎ లిటిల్? దీనికి జరుగుతాను అనడానికి యెస్ అనకూడదు, నో అనాలి, నో నాట్ ఎట్ ఆల్. "ఏమనుకోనులెండి" అని మనసులో అనుకుంటే నో దానంతటదే వస్తుంది.

వుడ్ గురించి ఇంకొక్కటి చెప్పాలి, ఇది నా నోట్‌బుక్‌లో రెండు పేజీలుంది. చిన్నప్పుడు సెలవులకి అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళేదాన్ని. నిన్న జ్వరం లేకపోతే పెళ్ళికి వెళ్ళేదాన్ని. రెండిట్లోనూ వెళ్ళేదాన్ని. మొదటిది నిజంగా మళ్ళీ మళ్ళీ జరిగింది, రెండోది అసలు జరగనే లేదు. రెండిటికీ తెలుగులో ఒకే మాట ఎలా సరిపోయింది అని ఆశ్చర్యపోతుంటే, ఇంగ్లీషులోనూ రెండిటికీ వుడ్. ఎవ్రీ సమ్మర్ ఐ వుడ్ గో టు మై గ్రాండ్‌మదర్స్ విలేజ్. ఐ వుడ్ హావ్ గాన్ టు ద వెడ్డింగ్. జరగని దానికి హావ్ గాన్ అని తగిలిస్తారు, అంతే తేడా. ఒకదానికొకటి సంబంధం లేని రెండు భాషలు, జరిగిపోయిన అలవాటుకీ జరగని కోరికకీ ఒకే మాట ఎంచుకున్నాయి. అమ్మమ్మ ఇప్పుడు లేదు కాబట్టి ఆ మొదటి వాక్యం రాసినప్పుడల్లా రెండో దానిలాగే అనిపిస్తుంది నాకు. ఒక జాగ్రత్త, ఉండేది అన్నప్పుడు మాత్రం వుడ్ వద్దు. "ఇక్కడ ఒక సినిమా హాలు ఉండేది" అంటే దేర్ యూస్డ్ టు బి ఎ సినిమా హాల్ హియర్ అనాలి.

చెప్పాల్సింది, చెప్పాల్సి వచ్చింది. ఈ జంట కూడా జాగ్రత్తగా చూడాలి, ఇంటర్వ్యూలో తేడా వస్తుంది. చెప్పాల్సింది అంటే చెప్పలేదు, ఐ షుడ్ హావ్ టోల్డ్ దెమ్. చెప్పాల్సి వచ్చింది అంటే చెప్పాను, ఐ హ్యాడ్ టు టెల్ దెమ్. మా చెల్లి వాళ్ళ ప్రాజెక్ట్ గురించి చెప్తూ ఐ షుడ్ డు ద హోల్ వర్క్ అలోన్ అంది, అంటే ఆ పనంతా ఒక్కదాన్నే చెయ్యాలి, ఇంకా చెయ్యలేదు అని అర్థం వస్తోంది, పాపం అది రాత్రుళ్ళు కూర్చుని మొత్తం చేసింది. ఐ హ్యాడ్ టు డు ద హోల్ వర్క్ అలోన్. చేసిన పనికి పేరు రావాలంటే ఈ తేడా రావాలి కదా.

మస్ట్ నాట్, డోంట్ హావ్ టు కూడా ఇలాగే. మా నాన్నకి షుగర్ టెస్ట్ ఉన్నప్పుడు ల్యాబ్ వాళ్ళు పరగడుపున రమ్మంటారు, ఏమీ తినకూడదు అంటారు. యూ మస్ట్ నాట్ ఈట్. అదే యూ డోంట్ హావ్ టు ఈట్ అంటే తినక్కర్లేదు, తిన్నా ఫరవాలేదు. తినాలి అనే మాటకి వ్యతిరేకం ఏంటి అంటే తెలుగులోనే రెండు సమాధానాలు, తినకూడదు, తినక్కర్లేదు, ఇంగ్లీషులోనూ సరిగ్గా రెండు. తెలుగు వచ్చినవాళ్ళకి ఇది పుట్టుకతో వచ్చిన విద్య, కొత్తగా నేర్చుకునేదేం లేదు.

ఉండాలి అన్న మాట ఊహకి కూడా వాడతాం, "బండి బయటే ఉంది, ఇంట్లోనే ఉండాలి". హి మస్ట్ బి ఎట్ హోమ్. అక్కడ మస్ట్ ఆర్డర్ కాదు. కచ్చితంగా తెలీకపోతే మే, ఇంకా అనుమానంగా ఉంటే మైట్. వర్షం పడొచ్చు అంటే మే, పడొచ్చేమో అంటే మైట్, ఆ ఏమో ఉంది చూశారా, అదే మైట్. మాట్లాడేటప్పుడు వాళ్ళు కూడా అంత కొలిచి వాడరులెండి.

కుడ్‌తో ఒక చిక్కు: పరిగెత్తి రైలెక్కగలిగా అనడానికి ఐ కుడ్ క్యాచ్ ద ట్రైన్ అంటే సరిగా ఉండదు, ఒక్కసారి సాధించిన దానికి ఐ వాజ్ ఏబుల్ టు అనాలి. ఎక్కలేకపోయా అనడానికి మాత్రం కుడంట్ చక్కగా సరిపోతుంది. హ్యాడ్ బెటర్ కూడా చూసి వాడాలి, మెత్తటి సలహా అనుకుని బయ్యర్‌కి యూ హ్యాడ్ బెటర్ పే అని రాస్తే "కడితే మంచిది" అని బెదిరించినట్టే.

షల్ సంగతి. ఐకి, వియ్‌కి షల్ వాడాలి, మిగతావాటికి విల్ వాడాలి అని మాకు బెత్తం పట్టుకుని నేర్పారు. ఆ రూలు 1653లో జాన్ వాలిస్ అనే ఆయన తన గ్రామర్‌లో రాసింది, లెక్కల్లో ఇన్ఫినిటీకి పడుకోబెట్టిన ఎనిమిది లాంటి గుర్తు తెచ్చింది కూడా ఈయనే. ఇప్పుడు మామూలు మాటల్లో ఐ విల్ అనేస్తారు, తప్పేం లేదు. షల్ బతికున్నది రెండు చోట్ల. ఒకటి మన ఇళ్ళల్లో రోజూ అనేదే, "లైటు ఆపనా?", "వెళ్దామా?" షల్ ఐ స్విచ్ ఆఫ్ ద లైట్, షల్ వియ్ గో. ఆ "నా", "దామా" తోకలకి ఇంతకంటే అచ్చంగా సరిపోయే మాట లేదు. రెండోది చట్టాల్లో. మన రాజ్యాంగం 14వ అధికరణం ఇంగ్లీషులో ద స్టేట్ షల్ నాట్ డినై టు ఎనీ పర్సన్ ఈక్వాలిటీ బిఫోర్ ద లా అని మొదలవుతుంది. అక్కడ షల్ నాట్ అంటే రేపు నిరాకరించదులే అని జోస్యం చెప్పడం కాదు, నిరాకరించకూడదు అని కట్టడి. ఆ ఒక్క మాట పట్టుకుని ఈ దేశంలో ఎవరైనా కోర్టు గుమ్మం ఎక్కొచ్చు. అది చదివి వినిపిస్తే మా చెల్లి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత పెన్ను తీసుకుని తన పుస్తకంలో రాసుకుంది.

సాయంత్రం గుంటూరు బస్టాండ్‌కి దింపడానికి వెళ్ళా. విజయవాడ నాన్‌స్టాప్ కదలబోతోంది. కిటికీ పక్కన సీటు దొరికింది దానికి. అక్కా, మరి వెళ్ళొస్తా అనడానికి ఏమనాలి, ఐ విల్ గో అండ్ కమ్ అనొచ్చా అని అడిగింది. అలా అంటే మళ్ళీ ఎన్నింటికి వస్తావని అడుగుతారే, ఉత్త బై అను చాలు అన్నా. వెళ్తున్నా అనకుండా వెళ్ళొస్తా అనడంలో మనం పెట్టుకున్నది చెప్పడానికి నా నోట్‌బుక్‌లో ఏ మోడలూ లేదు.

బస్సు కదిలింది. కిటికీలోంచి చెయ్యి బయటకి పెట్టి ఊపుతూ వెళ్ళొస్తానక్కా అనే అంది.